కొంచెం మెత్తబడ్డాయి

"అమ్మ వస్తోంది."

తలుపులబ్బాయి గొడుగు మూయడం కూడా మరిచిపోయి వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. గొడుగు గుమ్మంలో పట్టలేదు. సగం లోపల, సగం బయట ఇరుక్కుని, పుల్లల చివర్ల నుంచి నీళ్ళు కారుస్తోంది.

"ఎవరమ్మ?" అంది చెవులమ్మాయి, సబ్బు చేతులతో వెనక్కి తిరిగి.

"నాకు అమ్మ, నీకు అత్తయ్య. అక్క మెసేజ్ పెట్టింది చూడు. బస్సెక్కేసిందట. ఎవరూ పొమ్మనలేదట, తనే వెళ్తానందట. మధ్యాహ్నానికి మనింట్లో ఉంటుంది."

చెవులమ్మాయి ఆ మెసేజ్‌ని సబ్బు చేతులతోనే చదివింది. మళ్ళీ చదివింది. పెళ్ళయ్యాక ఎన్నిసార్లు పిలిచినా "చూద్దాంలే" అని ఫోన్ పెట్టేసిన మనిషి, ఈ ఆదివారం, ఈ వానలో, తనంతట తను వస్తోంది.

"నేను బాగానే ఉన్నానా?" అంది.

"జుట్టులో నురగుంది. అది తీసేస్తే రాణిలా ఉన్నావు."

"ఇల్లు?"

"ఇంట్లో గొడుగుంది. అది తీసేస్తే కోటలా ఉంది."

అది నిజానికి రెండు గదుల వాటా. కొత్త కాపురం కాబట్టి అందులో ప్రతిదీ పండగే. రంగులు కలవని రెండు కప్పులు పండగ. కిటికీలోంచి కనిపించే ఎదురింటి పిల్లి పండగ. పొయ్యి పైన, అలమర వెనక, కీచుకీచుమని అరిచే ఎగ్జాస్ట్ ఫ్యాన్ కూడా పండగే. దాని అరుపు కింద వాటా వాళ్ళకి కూడా వినిపిస్తుంది. ఊళ్ళోవాళ్ళ తలుపులన్నీ కిర్రుమనకుండా చేసే మొగుడు ఇంట్లో ఫ్యానుకి ఒక చుక్క నూనె వేయడేమని ఆమె రోజూ అడుగుతుంది. "డాక్టరమ్మ ఇంట్లో ఆ మాత్రం శబ్దం ఉండాలి, లేకపోతే చెవులు తుప్పు పడతాయి" అని అతను రోజూ తప్పించుకుంటాడు.

ఆమె డాక్టరు కాదు. వినికిడి పరీక్షలు చేసే క్లినిక్‌లో పని చేస్తుంది. అక్కడ శబ్దం చొరబడని ఒక చిన్న గది ఉంది, దానికి గాజు కిటికీ. లోపల కూర్చున్నవాళ్ళు చెవులకి హెడ్‌ఫోన్ పెట్టుకుని, చిన్న కూత వినిపించినప్పుడల్లా బటన్ నొక్కాలి. ఆ గది తలుపు బిగుసుకుపోతే బాగు చేయడానికి వచ్చినవాడే తలుపులబ్బాయి. రావడం రావడమే సుత్తి తీసి దభీమని మొదలుపెట్టాడు. లోపల పరీక్షలో ఉన్న తాతగారు ప్రతి సుత్తి దెబ్బకీ బటన్ నొక్కేశారు. కాగితం మీద ఆయన చెవులు పాతికేళ్ళ కుర్రాడి చెవులై కూర్చున్నాయి.

ఆమె బయటికొచ్చి అతన్ని కడిగేసింది. అతను తల వంచుకుని తలుపు బిగించాడు. సరిగ్గా పడుతోందో లేదో చూడటానికి ఆమె లోపలికెళ్ళి తలుపు వేసుకుంది. ఇక లోపలికి ఏమీ వినిపించదన్న ధైర్యంతో, అతను గాజు అవతల నిలబడి తీరిగ్గా అన్నాడు: "కోపంలోనే ఇంత బాగుంటే, నవ్వితే మనమేమైపోవాలి."

ఆమె తలుపు తీసింది. "ఏమైపోతారో తర్వాత చూద్దాం. ముందు ఆ కింది బందు సరిగా బిగించండి."

అతని ముఖంలో రక్తం లేదు. "వినిపించిందా?"

"వినిపించలేదు. కనిపించింది. పెదాలు చదవడం మా చదువులో ఒక భాగం."

ఆ మర్నాటి నుంచి ఆ క్లినిక్ తలుపులకి రకరకాల జబ్బులు చేశాయి. అవి పూర్తిగా నయమయ్యేసరికి ఇద్దరికీ పెళ్ళి కుదిరింది.

అంతా తీపే. ఒక్క అత్తయ్య విషయంలోనే చెవులమ్మాయి గొంతులో చిన్న ముల్లు.

పెళ్ళి రోజు, హాల్లో పాటలు హోరెత్తుతున్నప్పుడు, ఆమె అత్తయ్య పక్కకి వెళ్ళి, ఎంతో సేపటి నుంచి కూడగట్టుకున్న ధైర్యంతో, ఒక మాట అడిగింది. చిన్నప్పుడే తల్లిని పోగొట్టుకున్న పిల్ల అడిగే మాట అది. "మిమ్మల్ని అమ్మా అని పిలవచ్చా?" అత్తయ్య ఆమె వైపు చూడలేదు. అవునూ అనలేదు, కాదూ అనలేదు. ఎటో చూస్తూ, చీర కుచ్చిళ్ళు సర్దుకుని, మెల్లగా అక్కణ్ణుంచి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత కలిసిన కాసిని సార్లూ, చెవులమ్మాయి మాట్లాడుతుంటే అత్తయ్య కళ్ళు ఆమె నోటి మీదే ఉండేవి. తప్పులు ఏరుతున్నట్టు. ఫోన్ చేస్తే "సరే సరే, ఉంటాను" అని పెట్టేసేది.

"నేనావిడకి నచ్చలేదు," అనేది చెవులమ్మాయి.

"అమ్మ అంతే, మాట తక్కువ," అనేవాడు తలుపులబ్బాయి. తనూ ఫోన్లు తగ్గించేశాడు. ఊరికే సరే సరే అనిపించుకోవడానికి ఎవరు మాత్రం చేస్తారు.

కాపురం పెట్టినప్పుడు అత్తయ్య పంపింది ఒక్కటే: ఒక పెద్ద గాజు సీసా. అందులో వెనిగర్, ఉప్పు, వెల్లుల్లి, సోయికూర వేసి ఊరేసిన చిన్న చిన్న కీరాకాయలు. వాటిని ఇన్నాళ్ళూ ఇద్దరూ ఫ్రిజ్ తలుపు తీసి దొంగల్లా ఒక్కొక్కటీ కొరుక్కు తిన్నారు. సగం సీసా మిగిలింది.

"వేయిద్దాం," అన్నాడు తలుపులబ్బాయి. "అమ్మకి ప్రాణం అవి. మిల్లులో షిఫ్ట్ దిగాక క్యాంటీన్‌లో వేడివేడిగా కాగితంలో పోసిచ్చేవాళ్ళట, తెల్లటి చిక్కటి క్రీమ్‌తో. ఇంట్లో చేసినప్పుడు నన్ను పక్క గదిలో నిలబెట్టి, తను కొరికేది. చప్పుడు నీకు వినిపిస్తేనే కుదిరినట్టు, లేకపోతే మెత్తబడ్డట్టు అనేది."

"ఎలా చేసేది?"

"నేను పక్క గదిలో ఉండేవాణ్ణి కదా."

మొగుడి వల్ల ఉపయోగం లేదని తేలిపోయాక ఆమె నడుం బిగించింది. కాయల్ని పలచటి చక్రాలుగా కోసింది. గిన్నెలో మైదా, కార్న్‌ఫ్లోర్, మిరియాల పొడి. ఇంకో గిన్నెలో గిలక్కొట్టిన గుడ్డు. పళ్ళెంలో బ్రెడ్ పొడి. మొదటి వాయి నూనెలో పడగానే నూనె చిటపటా ఎగిరింది, పిండి ఒకవైపు పోయింది, కీరా ఇంకోవైపు పోయింది.

"విడాకులు తీసుకున్నాయి," అన్నాడు అతను, మూకుడులోకి తొంగిచూసి.

"ముక్కల్లో తడి ఉంది. ఆ శుభ్రమైన తువ్వాలు ఇలా ఇవ్వు. ఒక్కో ముక్కా అద్దు. పసిపిల్ల బుగ్గ తుడిచినట్టు, నొక్కకు."

"నా బుగ్గ ఎప్పుడైనా అలా తుడిచావా?"

"నువ్వూ ఒకరోజంతా వెనిగర్లో నానిరా, తుడుస్తాను."

రెండో వాయి బంగారు రంగులో వచ్చింది కానీ అతను ప్రేమగా మూత పెట్టాడు, చల్లారిపోతాయని. మూత తీసేసరికి ఆవిరికి చెమట పట్టి నీరసంగా పడి ఉన్నాయి. ఆమె ఒక చూపు చూసింది. అతను మూతని తీసుకెళ్ళి మంచం కింద దాచాడు.

ఇక మూడో వాయి. పొడిగా అద్దిన ముక్కలు, బాగా కాగిన నూనె, తీసి జల్లెడ మీద విడివిడిగా పరిచింది. ఒకటి కొరికింది. పక్క గదిలోంచి అతను, "వినిపించింది," అని అరిచాడు. ఆమె వంటింట్లోనే చిన్న గంతు వేసింది.

గుడ్డలో కట్టి నీళ్ళు వార్చిన పెరుగులో మీగడ, దంచిన వెల్లుల్లి, నిమ్మరసం, సన్నగా తరిగిన సోయికూర, సీసాలోని పుల్లటి నీళ్ళు రెండు చెంచాలు. గిలక్కొట్టి రుచి చూసి, అతనికి వేలితో పెట్టింది. అతను వేలు వదల్లేదు.

"వదులు, బెల్లు మోగింది."

"మోగనీ."

"మీ అమ్మ."

వేలు విడుదలైంది.

అత్తయ్య సన్నగా, నిటారుగా ఉంటుంది. చెప్పులు విప్పుతూ, కొడుకు బిగించిన తలుపుని ఒకసారి ముందుకీ వెనక్కీ ఊపి చూసి, తృప్తిగా తలాడించింది. వంటింటి బల్ల దగ్గర కుర్చీల్లో ఒకటి ఏరుకుని, గోడకి వీపు ఆనించి, ఇద్దరి ముఖాలూ కనిపించేలా కూర్చుంది. చెవులమ్మాయి "ప్రయాణం బాగా జరిగిందా అత్తయ్యా" అంటే, మళ్ళీ అదే చూపు, నోటి మీద. "బానే జరిగిందమ్మా," అంది.

పళ్ళెం చూడగానే మాత్రం ఆవిడ ముఖం ఒక్కసారి చిన్నపిల్ల ముఖమైపోయింది. "ఇవెవరు చేశారు?"

"మీ కోడలే," అన్నాడు కొడుకు, ఛాతీ ఉబ్బించి. "నేను తువ్వాలు పట్టుకున్నా."

అత్తయ్య ఒక ముక్క తీసి, క్రీమ్‌లో ముంచి, కళ్ళు మూసుకుని కొరికింది. బల్ల ఇవతలున్న చెవులమ్మాయికి ఆ చప్పుడు ఎండుటాకు మీద కాలు వేసినట్టు స్పష్టంగా వినిపించింది. ఆవిడ నమిలింది. ఇంకా నమిలింది. ఆ ముఖంలో వెలుగు మెల్లగా తగ్గింది.

"బాగున్నాయమ్మా. కొంచెం మెత్తబడ్డాయి. ఫర్లేదు."

చెవులమ్మాయి నవ్వబోయి, కుదరక, పొయ్యి వైపు తిరిగింది. ఇంకో వాయి వేసింది. నూనెలోంచి తీసినవి తీసినట్టే పళ్ళెంలో పెట్టింది. అత్తయ్య మళ్ళీ కళ్ళు మూసుకుని కొరికింది. మళ్ళీ అదే మాట.

"మెత్తగానే ఉన్నాయి. నీ తప్పు కాదులే. ఈ రోజుల్లో కాయలే అలా వస్తున్నాయి."

కొడుకు తెల్లబోయి, ఒకటి నోట్లో వేసుకుని, కరకరా నమిలి, "క్రీమ్ అయిపోతోంది, నేను వెళ్ళి మీగడ తెస్తా," అని గొడుగు తీసుకుని పారిపోయాడు. రెండు మాటల మధ్య నిలబడాల్సి వస్తే మగవాళ్ళకి ఎప్పుడూ ఏదో ఒకటి తేవాల్సి ఉంటుంది.

ఫ్యాన్ కీచుకీచుమంటోంది. బయట వాన. చెవులమ్మాయి వీపు అత్తయ్య వైపు, ముఖం మూకుడు వైపు. గొంతులోని ముల్లు కదిలింది. మెల్లగా అనుకోవాలనుకున్న మాట గట్టిగానే వచ్చేసింది.

"నేనేం చేసినా మీకు మెత్తగానే ఉంటుంది. పెళ్ళి రోజు నోరు తెరిచి అడిగినదానికే జవాబు చెప్పని మనిషి ఇవాళ ఎందుకొచ్చారో. వంకలు పెట్టడానికి ఇంత వానలో రావాలా."

అనేసింది. ఇప్పుడు వెనక కుర్చీ జరుగుతుంది. సంచీ తీసుకుంటుంది. వెళ్ళిపోతుంది. అతను మీగడ ప్యాకెట్‌తో వచ్చేసరికి ఇంట్లో ఏమీ మిగలదు.

వెనక నుంచి అత్తయ్య గొంతు, తాపీగా, ఆప్యాయంగా వచ్చింది.

"పొగ కళ్ళలో పడుతోందేమో తల్లీ. ఫ్యాన్ లేదా? ఉంటే వేసుకోరాదూ."

నెత్తి మీద, అలమర వెనక, ఫ్యాన్ కీచుకీచుమంటూనే ఉంది.

చెవులమ్మాయి పొయ్యి ఆపేసింది. తిరగకుండానే, మామూలు గొంతుతో అంది: "అత్తయ్యా, ఆ నిమ్మచెక్క ఇటు ఇస్తారా?"

జవాబు లేదు. కుర్చీ కదల్లేదు.

ఇప్పుడామె తిరిగింది. అత్తయ్య కళ్ళు వెంటనే వచ్చి ఆమె పెదాల మీద వాలాయి. చెవులమ్మాయి గొంతు బయటికి రానివ్వకుండా, పెదాలతో మాత్రమే అంది: నిమ్మచెక్క ఇస్తారా.

అత్తయ్య చెయ్యి చాచి నిమ్మచెక్క ఇచ్చింది.

"కళ్ళెందుకమ్మా అలా ఎర్రబడ్డాయి? చెప్పానా, పొగని."

ఆమె మెట్ల దగ్గరికి ఎలా వెళ్ళిందో ఆమెకే తెలియదు. తలుపులబ్బాయి తడిసిన ప్యాకెట్‌తో పైకొస్తున్నాడు.

"మీ అమ్మ మిల్లులో ఏం పని చేసేవారు?"

"మగ్గాల దగ్గర. ఎందుకు?"

"మర మగ్గాలా?"

"వందల మగ్గాలు ఒకేసారి. నేను చిన్నప్పుడు ఒకసారి వెళ్ళి ఏడ్చి బయటికొచ్చేశాను ఆ మోతకి. అక్కడ ఆడవాళ్ళందరూ పెదాలతోనే మాట్లాడుకునేవాళ్ళు. ఏమైంది? అమ్మేమైనా అందా?"

"ఆవిడేం అనలేదు," అంది చెవులమ్మాయి. మెట్టు మీద కూర్చుండిపోయింది. "నా దగ్గరికొచ్చే ప్రతి మనిషినీ కూర్చోగానే నేనడిగే మొదటి ప్రశ్న అది. ఎక్కడ పని చేశారు, అక్కడ మోత ఉండేదా అని. దారినపోయేవాళ్ళని కూడా అడుగుతాను. మా అత్తయ్యని అడగలేదు. నోటి వైపు చూస్తుంటే తప్పులు ఏరుతోందనుకున్నాను. నేను. పెదాలు చదువుతానని నీ దగ్గర గొప్పలు పోయినదాన్ని."

అతనికి అర్థం కావడానికి కాస్త టైం పట్టింది. అర్థమయ్యాక అతనూ ఆమె పక్కన కూర్చున్నాడు.

"సరే సరే అని పెట్టేసేది," అన్నాడు. "కోపమనుకున్నా. నేనూ మానేశాను." ప్యాకెట్ మీది వాన నీళ్ళు చొక్కాకి తుడిచాడు. "మరి మెత్తబడ్డాయని ఎందుకంటోంది? నాకు కరకరలాడాయి కదా."

"కరకర సగం చెవిలోనే ఉంటుంది. మోతలో పని చేసినవాళ్ళకి ముందు పోయేది సన్నటి శబ్దాలు. పిట్ట కూత, ఫ్యాన్ కీచు, ఇది. ఆవిడకి నిజంగానే మెత్తగా ఉన్నాయి. ఎన్నేళ్ళుగానో అన్నీ మెత్తగానే ఉన్నాయేమో. నిజం చెప్పినావిడని నేను..."

అతను ఆమె తల తన భుజానికి ఆనించుకున్నాడు. ఎప్పుడూ ఏదో ఒక జోకు వేసేవాడు, ఈసారి వేయలేదు.

వాళ్ళు లోపలికెళ్ళేసరికి అత్తయ్య బల్ల మీద చేతులు పెట్టుకుని, బుద్ధిగా కూర్చుని ఉంది. ఇద్దరి ముఖాలూ చూసింది. చదవడానికి పెదాలు కదలనవసరం లేని విషయాలు కొన్ని ఉంటాయి.

"దొరికిపోయానా?" అంది.

చెవులమ్మాయి కుర్చీ లాక్కుని సరిగ్గా ఎదురుగా కూర్చుంది. వెలుగు తన ముఖం మీద పడేలా జరిగింది.

"ఎందుకు చెప్పలేదత్తయ్యా?"

"ఏమని చెప్పను? చెవిటిదని పేరు పడితే ఇక ఎవరూ మాట్లాడరు, సైగలు చేస్తారు. అందులోనూ వచ్చే కోడలు చెవులు చూసే పిల్లంటిరి. నీ ముందు కూర్చుంటే ఇట్టే పట్టేస్తావని ఇన్నాళ్ళూ రాలేదు."

"మరి ఇవాళ?"

అత్తయ్య పళ్ళెంలోని ఒక ముక్కని అటూ ఇటూ తిప్పింది. "ఇంకెన్నాళ్ళు తప్పించుకు తిరుగుతానులే, పట్టుబడదామనే బస్సెక్కాను. ఇక్కడికొచ్చాక నోరు రాలేదు. వీడు పక్క గదిలో ఉండి వినిపించిందని అరిచిన రోజులు గుర్తొచ్చాయి. కొరికితే ఏమీ లేదు. దూది నమిలినట్టుంది."

కొడుకు ఫ్రిజ్ వైపు తిరిగి నిలబడ్డాడు. మీగడ ప్యాకెట్ పెట్టడానికి అంతసేపు పట్టదు.

"అత్తయ్యా, ఇందాక మీ వెనక..." చెవులమ్మాయి ఆగి, సరిదిద్దుకుంది. "నేను అటు తిరిగి మిమ్మల్ని ఒక మాటన్నాను. చెడ్డ మాట. వంకలు పెట్టడానికి వచ్చారా అన్నాను. మీకు వినపడలేదు కాబట్టి దాచేయచ్చు. కానీ అలా దాచుకోలేను."

అత్తయ్య కనుబొమలు పైకి లేచాయి. "ఇంకేమన్నావు?"

"పెళ్ళి రోజు అడిగినదానికి జవాబు చెప్పని మనిషి అన్నాను."

అత్తయ్య ముఖంలో నవ్వు లేదు ఇప్పుడు. "ఏదో అడిగావని తెలుసమ్మా. పక్క నుంచి అడిగావు, పాటల హోరు, నీ ముఖం కనబడలేదు. మళ్ళీ అడగమంటే నలుగురిలో బయటపడిపోతాను. అందుకని వెళ్ళిపోయాను. ఆ రోజంతా అదే. కొత్త పిల్ల ఏమడిగిందో, నేనేం పోగొట్టుకున్నానో అని."

చెవులమ్మాయికి గొంతు పెగల్లేదు. పెగలనవసరం లేదని గుర్తొచ్చింది. మిల్లులో ఆడవాళ్ళలా, గాజు అవతలి మనిషిలా, శబ్దం లేకుండా, ఒక్కో అక్షరాన్నీ పెదాలతో మలిచి అడిగింది.

అత్తయ్య చదివింది. ఇన్నాళ్ళూ ఆ మాట ఎక్కడెక్కడ పడి ఉందో వెతుకుతున్నట్టు ఆమె పెదాల వైపే చూసింది.

"ఈ ఒక్క మాటకా," అంది చివరికి, కొంగుతో కళ్ళద్దుకుంటూ, "ఇన్ని నెలలు ఉపవాసం ఉన్నావు? పిలువు. కాకపోతే ఎదురుగా వచ్చి పిలువు."

"అమ్మా," అంది చెవులమ్మాయి, ఎదురుగానే.

ఫ్రిజ్ దగ్గర నుంచి ముక్కు ఎగబీల్చిన చప్పుడు వచ్చింది. అది వినపడింది చెవులమ్మాయికి ఒక్కదానికే.

"మిషన్ పెట్టుకుంటే మళ్ళీ వినిపిస్తుందా?" అడిగింది అత్తయ్య. "నిజం చెప్పు. నేను నీ కీరాముక్కల గురించి నిజమే చెప్పాను."

చెవులమ్మాయికి ఉన్నదంతా తిరిగొస్తుందని చెప్పాలనిపించింది. "అంతా రాదమ్మా. పోయినదాంట్లో కొంత పోయినట్టే. ముందే వచ్చి ఉంటే ఇంకొంచెం ఎక్కువ దక్కేదేమో. నేను ముందే చూసి ఉంటే. కానీ కొంత వస్తుంది. ఎంత వస్తుందో పరీక్ష చేస్తేనే తెలుస్తుంది."

"కొంత చాలు." అత్తయ్య సీసా ఎత్తి వెలుగుకి పట్టి చూసింది. అడుగున కాయలు ఇంకా ఉన్నాయి. "వీటిని ఇవాళ ఎవరూ ముట్టుకోకండి. రేపు పొద్దున నీతో పాటు క్లినిక్‌కి వస్తాను, నీ గాజు గదిలో మొదట కూర్చునేది నేనే. వాడిని సుత్తి తీసుకురావద్దను. ఆ మిషన్ ఏదో పెట్టించుకుని ఇంటికొస్తాం కదా, సాయంత్రం ఇవి వేయిద్దాం. పిండి నేను కలుపుతా, తడి నువ్వద్దు, వాడు కొరకాలి."

"మరి నువ్వు?" అన్నాడు కొడుకు, ఇటు తిరిగి, ఆవిడకి కనిపించేలా.

"నేను పక్క గదిలో నిలబడతాను," అంది అత్తయ్య.